నడుము దగ్గర ఆగిపోయిన జడ: పెరగడం ఆగిందా, విరగడం మొదలైందా?

చెల్లీ, నువ్వు రాసిందంతా చదివాను. జడ నడుము దాకా వచ్చి ఏడాదిన్నరగా అక్కడే ఉంది, చివర ఎలుక తోకలా అయిపోయింది, నీకేమో మోకాళ్ల దాకా పెంచాలని ఉంది, అమ్మేమో సగానికి కత్తిరించెయ్ అంటోంది, రోజ్‌మేరీ నూనె కొనాలా, బయోటిన్ అనే విటమిన్ మాత్రలు వేసుకోవాలా అని అడుగుతున్నావు. ఊరు కనిగిరి పక్కన, తలకు పోసుకునేది బోరు నీళ్లు. ఇంతేగా? నాది కావలి. ఇరవై ఏళ్లకు పైగా మోకాళ్ల కింద దాకా ఉన్న జుట్టును మోస్తున్నాను, నాకు తెలిసింది చెప్తాను. పొడుగ్గా ఉంటుంది, ఓపిగ్గా చదువుకో.

ముందు నీ టెన్షన్ ఒకటి తీసేస్తాను. నీ జుట్టు పెరగడం ఆగిపోయి ఉండదు. ఎవరికైనా నెలకు ఒక సెంటీమీటరు, కొందరికి ఇంకాస్త ఎక్కువ పెరుగుతుంది, ఏడాదికి సుమారు 12 నుంచి 15 సెంటీమీటర్లు. అనుమానముంటే ఒకసారి గోరింటాకు పెట్టుకుని మూడు నెలలాగి పాపిడి దగ్గర చూడు, ఎరుపెక్కని కొత్త జుట్టు ఎంత వచ్చిందో అక్కడే తెలిసిపోతుంది. పైన అంత వస్తున్నా జడ పొడవు మారలేదంటే కింద అంతకంతా విరిగిపోతోందన్నమాట. ఇంకో కారణం కూడా ఉండొచ్చు, దాని సంగతి కాసేపట్లో చెప్తాను.

నడుము దాకా అంటే 75 సెంటీమీటర్లు వేసుకుందాం. ఆ చివరి కొస నీ మాడులోంచి బయటికొచ్చి ఐదారేళ్లయింది. ఇప్పుడు డిగ్రీ చదువుతున్నాను అన్నావు కదా, అది నువ్వు హైస్కూల్లో ఉన్నప్పటి జుట్టు. ఐదు రోహిణీ కార్తెల ఎండ చూసింది, కొన్ని వందల సార్లు దువ్వెన కింద నలిగింది. దానికి ప్రాణం లేదు, దెబ్బ తగిలితే తనంతట తాను మానదు. ప్రకటనల్లో రిపేర్ చేస్తాం అనే షాంపూలు చేసేదల్లా పైన పూత పూయడమే. జుట్టు పెంచడమంటే తొంభై పాళ్లు ఆ పాత కొసల్ని పాడవకుండా కాచుకోవడమే. ఏం కొనాలా అన్న దానికంటే ఏం చేయకూడదు అన్నదే ఇక్కడ ఎక్కువ.

పైసా ఖర్చు లేని పరీక్ష ఒకటి ఉంది. దువ్వినప్పుడు వచ్చిన చిక్కు వెంట్రుకల్ని చుట్టి మన ఇళ్లల్లో ఏదో ఒక కవర్లో దోపి కిటికీకి వేలాడదీస్తాం కదా, జుట్టుకు స్టీలు గిన్నెలిచ్చే ఆయన వీధిలోకి వచ్చినప్పుడు ఇద్దామని. ఈసారి ఇచ్చేసే ముందు ఆ కవర్ తెల్లకాగితం మీద పరిచి మంచి వెలుతురులో చూడు. వెంట్రుకకు ఒక కొసన సన్నటి తెల్ల గుబ్బ ఉంటే అది కుదురుతో సహా వయసైపోయి రాలిన జుట్టు. రోజుకు యాభై నుంచి వంద దాకా అట్టా రాలడం మామూలే. వారానికి ఒకసారి తలంటుకునే వాళ్లకు ఆ రోజు గుప్పెడు వచ్చి గుండె ఆగినంత పనవుతుంది కానీ, అది వారమంతా జడలో ఇరుక్కుని ఉండిపోయిన జుట్టే. గుబ్బ లేకుండా వేలెడు, బెత్తెడు ముక్కలు ఎక్కువ కనిపిస్తే మాత్రం అవి విరిగినవి. నీ కవర్లో ఈ ముక్కలే ఎక్కువుంటాయని నా అంచనా.

ఇప్పుడా ఇంకో కారణం. గుబ్బ ఉన్న పొడుగాటి వెంట్రుకలు కొన్ని తీసి టైలరు టేపుతో కొలువు. ప్రతి వెంట్రుకా మామూలుగా రెండు నుంచి ఆరేళ్లు, కొందరికి ఇంకా ఎక్కువ కాలం పెరిగి, రెండు మూడు నెలలు ఊరికే ఉండి రాలిపోతుంది. ఆ ఏళ్లు ఎన్ననేది పుట్టుకతో వచ్చేది, ఏ నూనే దాన్ని పొడిగించలేదు. ఐదేళ్లు పెరిగే జుట్టుంటే 75 సెంటీమీటర్ల దగ్గర అది దాని హద్దు. రాలిన పొడుగు వెంట్రుకలన్నీ ఇంచుమించు ఒకే కొలతలో ఉండి, కొసలు చిట్లకుండా సన్నగా మొనదేలి ఉంటే నువ్వు ఆ హద్దుకు వచ్చావేమో అనుకోవాలి. కొస మొండిగానో రెండుగా చీలిపోయో ఉంటే అది తెగిన కొస, ఇంకా పెరగడానికి చోటుంది.

మోకాళ్ల దాకా అంటే నుదుటి దగ్గర నుంచి కొలిస్తే 115, 120 సెంటీమీటర్ల పైమాటే, అంటే ఒక్కో వెంట్రుక ఎనిమిదేళ్లకు పైగా రాలకుండా పెరగాలి. అది అందరికీ రాదు. నాకొచ్చిందంటే మా నాయనమ్మకు ఉంది కాబట్టి, ఇందులో నా గొప్పేం లేదు. ఉత్తరప్రదేశ్‌కు చెందిన స్మితా శ్రీవాస్తవ జుట్టు 236.22 సెంటీమీటర్లని 2023లో గిన్నిస్ వాళ్లు నమోదు చేశారు, అలాంటి వాళ్లను చూసి కొలత పెట్టుకోవద్దు. మీ అమ్మ, అమ్మమ్మ, మేనత్తల పెళ్లి ఫొటోలు తీసి చూడు, సవరం పెట్టుకున్నారో లేదో కూడా అడుగు, పాత ఫొటోల్లో సగం జడలు సవరాలే. నడుము దాటి తొడల దాకా రావడం మాత్రం చాలామందికి సాధ్యమే, కొసలు కాపాడుకుంటే.

అసలు విషయం నీళ్లు. మీ వైపు ఫ్లోరైడ్ గురించి అందరికీ తెలుసు, అది పళ్లకూ ఎముకలకూ శత్రువు. జుట్టు గరుకెక్కేది మాత్రం ఎక్కువగా నీళ్లల్లో ఉండే కాల్షియం, మెగ్నీషియం వల్ల. మీ ఇంట్లో నీళ్లు ఎట్టాంటివో తెలుసుకోవడానికి ల్యాబు అక్కర్లేదు. ఆ నీళ్లతో కందిపప్పు ఉడకడానికి మొండికేస్తుందా, హీటరు రాడ్డుకు తెల్లగా గార కడుతుందా, సబ్బు నురగ రాదా? ఈ మూడిట్లో రెండున్నా నీ జుట్టు మీద కూడా అదే గార పేరుకుంటోంది. పొట్టి జుట్టుకు అది కనిపించదు, ఆర్నెల్లకోసారి కత్తిరించేస్తారు కాబట్టి. నీ కొసల మీద మాత్రం ఐదేళ్ల పొర ఉంది.

బోరు నీళ్లు మానేయడం నీ చేతిలో లేదు, నాకు తెలుసు. తలంటు మొత్తం వాటితోనే కానివ్వు, ఆఖర్న మాత్రం రెండు మూడు లీటర్లు క్యాను నీళ్లు పోసుకో. తాగే నీళ్లు తలకు పోస్తావా అని ఇంట్లో తిడతారు, వారానికి ఒకసారే అని చెప్పు. మనకు అసలు వానలు పడేది అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కాబట్టి ఆ మూడు నెలలూ డాబా మీద శుభ్రమైన బకెట్లు పెట్టి పట్టుకో, మొదటి వాన వదిలేసి ఆ తర్వాతి నీళ్లు. వాన నీళ్లతో తలంటుకున్న రోజు జుట్టెట్టా ఉంటుందో ఒక్కసారి చూస్తే మిగతాది నేను చెప్పక్కర్లేదు. మరిగించి చల్లార్చి, అడుగున తేరిన తెల్లటిది కదలకుండా పైనీళ్లు వంచుకుంటే కూడా కొంత పోతుంది, మొత్తం పోదు. నిమ్మరసం అంటే మన జిల్లాల వాళ్లకు సగం చెక్క పిండాలనిపిస్తుంది, అంత వద్దు. రెండు లీటర్ల నీళ్లకు ఒక చెంచా చాలు, పోసుకున్నాక మామూలు నీళ్లతో కడిగెయ్. నిమ్మరసం చర్మం మీదుండగా ఎండలోకి వెళ్తే బొబ్బలెక్కుతాయి, మెడ దగ్గర ముఖ్యంగా చూసుకో. ఈ గార తీయడానికే చీలేటింగ్ షాంపూలని దొరుకుతాయి, నెలకు ఒకసారి వాడితే సరిపోతుంది, ప్రతి వారం వాడితే పిడచగడుతుంది. ఒంటి సబ్బు తలకు ఎప్పుడూ వద్దు, ఇట్టా కాల్షియం, మెగ్నీషియం ఎక్కువున్న గట్టి నీళ్లల్లో సబ్బు జిగటగా మారి జుట్టుకే అంటుకుంటుంది.

కుంకుడుకాయా షాంపూనా అని పెద్దవాళ్లు గొడవ పెడతారు. నేను రెండూ వాడతాను. శీకాయకు కాస్త పులుపు గుణం ఉంది కాబట్టి గట్టి నీళ్లల్లో అది సబ్బు కంటే చాలా నయం. కానీ పొడి కలిపి నేరుగా రుద్దుకోవడం పొడుగు జుట్టుకు చేటు, ఆ నలకలు జుట్టులో ఇరుక్కుని వాటి చుట్టూ చిక్కులు పడతాయి, అవి తీయబోయి జుట్టు తెంపుకుంటాం. రాత్రి నానబెట్టి, పిసికి, పాత నూలు గుడ్డలో రెండుసార్లు వడగట్టి ఆ పులుసు మాత్రమే వాడు. కుంకుడు రసం ఒక్కటే అయితే కొసలు బాగా ఎండిపోతాయి, గంజి కలిపి పోసుకోవడం అందుకే వచ్చింది. మొలగొలుకుల బియ్యపు గంజి ఉంటే భోగమే, లేకపోతే ఏ గంజైనా ఒకటే, దానికీ మహిమలేం లేవు, పైన పూతలా పట్టి చిక్కు తగ్గిస్తుంది అంతే. సరిగ్గా కడగకపోతే ఇస్త్రీ చీరలా బిరుసెక్కుతుంది.

షాంపూ అయితే చెంబు నీళ్లల్లో కలిపి మాడు మీద మాత్రమే పొయ్యి. మురికీ చెమటా ఉండేది అక్కడే. జుట్టంతా నెత్తి మీదకు పోగేసి బట్టలు పిండినట్టు రుద్దుతావే, అది ఈరోజుతో మానెయ్. నురగ కిందికి జారేటప్పుడు కొసలకు అందే శుభ్రం చాలు. కండిషనరు జుట్టు మధ్య భాగం నుంచి కొసల దాకా మాత్రమే, అది జుట్టు మీదుండగానే వేళ్లతో చిక్కు విప్పుకో.

దువ్వడం దగ్గరే ఎక్కువ జుట్టు పోతుంది. ఉదయం కాలేజీ బస్సుకు టైమైపోతుంటే పై నుంచి కిందికి సర్రున లాగుతాం కదా, ఆ చప్పుడే విరిగే చప్పుడు. తడిసిన వెంట్రుక సాగుతుంది, సాగి తెగుతుంది, అందుకే తడి మీద దువ్వెన పెట్టకు. ముప్పావు వంతు ఆరాక, పళ్లు దూరంగా ఉన్న దువ్వెనతో, కొస నుంచి మొదలుపెట్టి జానెడు జానెడు పైకి రావాలి, పై చిక్కు విప్పే ముందు దాని కింద భాగం నున్నగా ఉండాలి. పిడికిట్లో చిక్కుకు పైభాగం గట్టిగా పట్టుకుంటే లాగినా కుదుళ్లకు తెలియదు. రెండు చుక్కల కొబ్బరినూనె చేతికి రాసుకుంటే ముళ్లు వాటంతటవే వదులుతాయి. ఇది ఇరవై నిమిషాల పని, కూర్చుని చెయ్యాల్సిన పని. అంత టైము లేని రోజు దువ్వొద్దు, నిన్నటి జడ మీదే పై జుట్టు సర్దుకుని వెళ్లిపో, ఎవరూ గమనించరు. పేలుంటే పేల దువ్వెన తప్పదు, హాస్టల్లో ఉన్న వాళ్లకు అది ఎప్పుడూ ఉండే బాధే, మందుల షాపులో పెర్మెత్రిన్ ఒక శాతం లోషన్ అడిగి వాడి, వారం పది రోజులకు మళ్లీ వాడితే ఆలోగా ఈపుల్లోంచి బయటికొచ్చినవి కూడా పోతాయి.

నూనె గురించి. 2003లో మన దేశపు పరిశోధకులు కొబ్బరినూనె, పొద్దుతిరుగుడు నూనె, మినరల్ ఆయిల్ మూడూ పోల్చి చూశారు. తలంటుకు ముందు రాసినా తర్వాత రాసినా వెంట్రుకలోంచి ప్రోటీన్ పోవడం తగ్గించింది కొబ్బరినూనె ఒక్కటే. అందులోని లారిక్ ఆమ్లం వెంట్రుక లోపలికి దిగుతుంది కాబట్టి. అంచేత ఖరీదైన నూనెల జోలికి పోకుండా గానుగ కొబ్బరినూనె, తలంటుకు ముందు రాత్రి కొసలకు బాగా పట్టించు. మాడుకు మాత్రం మనూరి ఉక్కపోతలో రాత్రంతా నూనె ముద్దలా పెట్టొద్దు, చుండ్రు తెచ్చే ఫంగస్‌కు ఆ కొవ్వే తిండి. చుండ్రు లేని వాళ్లు గంట రెండు గంటలు ఉంచుకుంటే చాలు.

రోజ్‌మేరీ నూనె సంగతి: 2015లో ఒక పరిశోధనలో దాన్ని మగవాళ్ల బట్టతలకు రాసే మందు రెండు శాతం మినాక్సిడిల్‌తో పోల్చారు, ఆరు నెలలకు రెండూ ఇంచుమించు ఒకటే అన్నారు. అది బట్టతల గొడవ. నీకు కుదుళ్లు బాగున్నాయి, కొసలు విరుగుతున్నాయి, నీ డబ్బు దండగ.

బయోటిన్ లోపం చాలా అరుదు, గుడ్డూ పల్లీలూ తినే వాళ్లకు ఇంకా అరుదు. పైగా ఎక్కువ డోసు బయోటిన్ వేసుకుంటూ రక్తపరీక్షలకు వెళ్తే థైరాయిడ్ లాంటి ఫలితాలు తప్పుగా రావచ్చు, వేసుకుంటుంటే ల్యాబు వాళ్లకూ డాక్టరుకూ ముందే చెప్పాలి. దాని బదులు ఒకసారి హిమోగ్లోబిన్, ఫెరిటిన్ (ఒంట్లో ఇనుము నిల్వ ఎంతుందో చెప్పేది), థైరాయిడ్ చూపించుకో. మనలో ఆడపిల్లలకు రక్తం తక్కువ ఉండటం ఎంత మామూలో నీకు తెలుసు, నెలసరి ఎక్కువయ్యే వాళ్లకైతే మరీను. డెంగ్యూ, టైఫాయిడ్ వచ్చి తగ్గిన రెండు మూడు నెలలకు, కాన్పయిన మూడు నాలుగు నెలలకు జుట్టు గుత్తులుగా రాలుతుంది. అది చూసి షాంపూ మార్చేస్తారు, షాంపూకి దానికీ సంబంధం లేదు, జ్వరానికి ఉంది, ఆర్నెల్లలో చాలామందికి దానంతటదే సర్దుకుంటుంది. తగ్గకపోతే, లేదా పాపిడి వెడల్పవుతుంటే, చర్మ డాక్టరు దగ్గరికి వెళ్లు. పార్లరుకు కాదు.

తిండి సంగతి నీకు చెప్పక్కర్లేదనుకుంటాను. వెంట్రుకంటే ప్రోటీనే. పప్పు, గుడ్డు, చేపల పులుసు మానేసి ఉత్త పచ్చడి మెతుకులతో డైటింగ్ చేసి ఏ నూనె రాసుకున్నా లాభం లేదు.

తలంటుకున్నాక తువ్వాలుతో కొట్టడం, మెలిపెట్టి పిండటం మన ఇళ్లల్లో అలవాటు. పాత నూలు పంచె చుట్టి నీళ్లు పీల్చనివ్వు, రుద్దకు. ఇంత పొడుగు జుట్టు ఆరడానికి ఎండాకాలంలోనే రెండు గంటలు పడుతుంది, నవంబరు ముసురులో పూట పడుతుంది, అందుకని పొద్దున్నే తలంటుకో, ఫ్యాను గాలి చాలు. తడి జుట్టు ముడేసి పడుకుంటే వాసనొస్తుంది, మాడు నానుతుంది. సాంబ్రాణి వాసనకు బాగుంటుంది, నిప్పులకు మరీ దగ్గరగా పెట్టకు. ఎండలో బయటికెళ్తే జడ మీద చున్నీ కప్పు, మే నెల ఎండ మొహాన్ని మాడ్చినట్టే జుట్టునూ మాడుస్తుంది, మొహానికి కొత్త చర్మం వస్తుంది, దీనికి రాదు. మైపాడు బీచికో కొత్తపట్నానికో వెళ్తే ముందే నూనె రాసి జడేసుకో, వచ్చాక ఉప్పు పోయేలా కడుగు.

రోజూ వదులు జడ. విరబోసుకుని తిరిగితే మోకాళ్ల దాకా ఎవరికీ రాదు, ఫొటోకు విరబోసుకో, మళ్లీ అల్లుకో. గట్టిగా లాగి వేసే జడ వల్ల నుదుటి మీద జుట్టు పలచబడుతుంది, అది ముదిరితే తిరిగి రాదు కూడా. రబ్బరు బ్యాండు వద్దు, గుడ్డ చుట్టిన బ్యాండు వాడు, ప్రతిరోజూ ఒకే చోట కట్టకు. రాత్రి వదులుగా అల్లి, దిండు మీద పాత పట్టుచీర ముక్క పరుచుకో. పెళ్లిళ్లకూ సీమంతాలకూ పూలజడ కుట్టించుకుంటావు కదా, కుట్టేటప్పుడు ఏమీ కాదు, రాత్రి నిద్రమత్తులో ఎవరో కత్తెర తెచ్చి దారాలు తెంపుతారు చూడు, అప్పుడు పోతుంది జుట్టు. ఎంత ఆలస్యమైనా వెలుతురులో కూర్చుని ఒక్కో దారం చూసి కోయించుకో. స్ట్రెయిటెనింగు, కెరాటిన్ ట్రీట్‌మెంటు గురించి నువ్వు అడగలేదు, మంచిది, అడగొద్దు.

ఇక అమ్మ మాట. కత్తిరిస్తే ఎక్కువ పెరుగుతుందన్నది నిజం కాదు, కత్తెర సంగతి కుదుళ్లకు తెలియదు. కానీ చిట్లిన కొసను వదిలేస్తే ఆ చీలిక పైకి పాకుతుంది, కాబట్టి అమ్మ సగం రైటే. సగం జడ వద్దు, కింద పలచగా ఉన్న రెండు మూడు అంగుళాలు ఇప్పుడు తీసెయ్, జడ వెంటనే ఒత్తుగా కనిపిస్తుంది. ఆ తర్వాత నాలుగు నెలలకోసారి ఒక్క సెంటీమీటరు. ఆ నాలుగు నెలల్లో నాలుగైదు సెంటీమీటర్లు పెరుగుతుంది కాబట్టి నువ్వేం నష్టపోవు. మధ్యలో వెలుతురులో కూర్చుని చిట్లిన వెంట్రుక కనబడ్డప్పుడల్లా చీలికకు కాస్త పైన ఒక్కొక్కటే కోసుకో, జుట్టు కోసే పదునైన కత్తెరతో, వంటింటి కత్తెరతో కాదు. పార్లరులో "కొంచెం" అనకు. వాళ్ల కొంచెం జానెడుంటుంది, నాకు తెలిసిన అమ్మాయి ఏడుస్తూ ఇంటికొచ్చింది. వేలు పెట్టి ఇక్కడిదాకా అని చూపించు, మొదటి కోత అద్దంలో చూశాకే మిగతాది కోయనివ్వు.

మూడు నెలలు ఇట్టా చేసి ఆ కవర్ మళ్లీ పరిచి చూడు. గుబ్బ లేని పొట్టి ముక్కలు తగ్గితే దారిలో పడ్డట్టే. తగ్గకపోతే నీ దువ్వెన, నీళ్లు, తల తుడుచుకునే పద్ధతి మూడూ వివరంగా రాయి, ఎక్కడ పోతోందో చూద్దాం.

మర్చిపోయాను, నువ్వు బండి వెనక కూర్చుని కాలేజీకి వెళ్తానన్నావు. పొడుగు జడను వెనక వేలాడనివ్వొద్దు, చక్రంలోనో చైన్లోనో ఇరుక్కుంటే జుట్టుతో పోయేది కాదది. జడ ముందుకు వేసుకుని చున్నీ కింద దోపుకో, లేదా ముడేసుకుని చున్నీ కొస గట్టిగా కట్టుకో. గ్రైండరు, కుట్టుమిషను మోటారు, పొలం దగ్గర ఇంజను బెల్టు, గ్యాసు పొయ్యి దగ్గర కూడా అంతే, జడ ముడేశాకే దగ్గరికెళ్లు.